తాకిన రాయి

రాజేశం ఊరు కోరుట్ల దగ్గర. బడి ఏడో తరగతితో ఆపేసి ఇరవై ఏళ్ళు కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైటు క్వారీల్లో పనిచేశాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరుతోంది, దుమ్ము లేని చోట పని చూసుకొమ్మని డాక్టరు చెప్పాడు. రాజేశం అదే మాట ఏజెంటుతో చెప్పాడు. ఏజెంటు అతణ్ణి సౌదీకి పంపించాడు.

దేవుడు చిన్నవాళ్ళ మాట కూడా వింటాడు. రాజేశానికి పని పడిన చోట నిజంగానే దుమ్ము లేదు. అల్ ఖోబర్‌లో ఒక పెద్ద మాల్, దాని కింది అంతస్తులో మంచు గచ్చు. బయట నలభై ఏడు డిగ్రీల ఎండ కాస్తున్నా లోపల నోట్లోంచి పొగ వచ్చేది. జనం కత్తులు బిగించిన బూట్లు వేసుకుని ఆ మంచు మీద జారేవారు, పడేవారు, టికెట్టు కొనుక్కుని మళ్ళీ వచ్చేవారు. రాజేశం ఇఖామా కార్డు మీద పని పేరు ‘ఆమిల్ నదాఫా’ అని ఉంది. ఊడ్చి తుడిచేవాడని అర్థం. ఇఖామా ఉంటేనే ఆ దేశంలో మనిషి ఉన్నట్టు లెక్క. అది రెండువేల పదో సంవత్సరం.

అతని మీద సూపర్‌వైజరు ఇస్మాయిల్‌ది కడప జిల్లా. భారీ మనిషి, భారీ గొంతు. కొత్తగా వచ్చినవాళ్ళను మొదటి రోజు తిట్టి, రెండో రోజు తన టిఫిన్ డబ్బాలోంచి అన్నం పెట్టేవాడు.

ప్రతి శనివారం తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక, మాల్ తలుపులు తీసేలోపల, కెనడా ఇంజనీర్లు కొందరు ఆ మంచు అద్దెకు తీసుకుని ఒక ఆట ఆడేవారు. వాళ్ళ పెద్ద పేరు గోర్డన్. ఒక శనివారం వాళ్ళలో ఒకాయనకు జ్వరం వచ్చింది. గోర్డన్ ఇస్మాయిల్ దగ్గరకు వచ్చి, “ఒక స్వీపర్ తక్కువయ్యాడు” అన్నాడు.

“స్వీపర్ ఎందుకు తక్కువ సార్, మా దగ్గర ముగ్గురుండారు” అని ఇస్మాయిల్ లోపలికి కేకేశాడు. “ఏమప్పా రాజేశం. ఆ తెల్లాయప్ప ఊడ్చేవాడు కావాలంటాండాడు. బకెట్ తీసుకుని పో.”

“ఏం ఊడ్వాలె భాయ్? అంత మంచే గద.”

“వాళ్ళు ఊడ్చమంటే ఊడ్చు. మనమేం ఇంజనీర్లమా.”

రాజేశం బకెట్టూ ఫినాయిలూ పట్టుకుని పోయాడు. గోర్డన్ వాటిని పక్కన పెట్టించి, గుడ్డ చుట్టిన ఒక చీపురు చేతికిచ్చాడు. దూరంగా ఒకాయన వంగి, పిడి ఉన్న పెద్ద గుండ్రటి రాయిని మంచు మీద వదిలాడు. దాని ముందు ఊడ్చమని గోర్డన్ సైగ చేశాడు. రాజేశం ఊడ్చాడు. ఎక్కడ ఆపాలో ఎవరూ చెప్పలేదు కనక ఆపలేదు. రాయి ఆగాల్సిన చోటు దాటి, ముగ్గులా గీసిన చుట్లు దాటి, అవతలి గోడ తగిలి ఆగింది. గోర్డన్ చాలాసేపు ఆ గోడను చూశాడు. తర్వాత రాజేశాన్ని చూశాడు.

“వచ్చే శనివారం కూడా ఇతన్నే పంపించు” అన్నాడు ఇస్మాయిల్‌తో.

ఆ సాయంత్రం గదికి వచ్చి రాజేశం, అతనితో ఆ గదిలో ఉండే పనివాళ్ళం మాతో అన్నాడు: “గా కెనడావాళ్ళు మస్తు శుభ్రమున్నరు. రాయి పోయే తొవ్వ గుడ ఊడ్పిస్తరు.”

మెల్లగా అతనికి ఆట అర్థమైంది. దాని పేరు కర్లింగ్. మనిషి బరువులో మూడో వంతుండే గ్రానైటు రాయిని మంచు మీద వదలాలి. అది జారుతూ పోయి అవతల గీసిన చుట్ల నడిమధ్యకు చేరాలి. దారిలో ఇద్దరు దాని ముందు చీపుళ్ళతో రుద్దితే ఇంకొంచెం దూరం పోతుంది, కాస్త తిన్నగా పోతుంది. ఎవరి రాయి నడిమధ్యకు దగ్గరగా ఉంటే వాళ్ళకు పాయింటు. ఆటకు ముందు మంచు మీద సన్నటి నీటి చుక్కలు చల్లాలి, అవి గడ్డకట్టి గరుకవ్వాలి, అప్పుడే రాయి మాట వింటుంది.

రాజేశం ఫోన్లో జయకు ఇదంతా చెప్పాడు. జయ అతని భార్య. ఊళ్ళో బీడీలు చుడుతుంది.

“సాన్పు చల్లుడు, ఊడ్సుడు, ముగ్గు. ఇదేనా ఆట?” అంది జయ.

“ఇదే.”

“ఇంట్ల ఒక్కనాడన్న చీపురు పట్టినవా నువ్వు?”

“గిప్పుడు పట్టిన గద.”

“ఎవలకోసం?”

“రాయి కోసం.”

 “స్వెట్టర్ ఏసుకుంటున్నవా” అని జయ అడిగింది.

గోర్డన్ దగ్గర పదహారు రాళ్ళుండేవి. వాటిని ఓడలో తెప్పించుకున్నప్పుడు కస్టమ్స్ వాళ్ళు పెట్టె తెరిచి, మా దేశంలో రాళ్ళు లేవా అని అడిగారట. రాజేశం ఆ రాళ్ళను ఒక్కొక్కటే వేలి గోటితో తట్టి చూశాడు. ఆరో నంబరు రాయి దగ్గర ఆగి, దీని లోపల సన్న నెర్రె ఉంది, దీన్ని గట్టిగా కొట్టకండి అన్నాడు. గోర్డన్ నవ్వాడు. మూడు నెలలకు అది రెండు ముక్కలైంది. ఆ రోజు నుంచి గోర్డన్ రాళ్ళ సంగతి రాజేశాన్ని అడగకుండా ఏమీ చేయలేదు. రాయి వదలడం కూడా అప్పుడే నేర్పించాడు. రెండేళ్ళలో రాజేశం ఎంత బాగా వదిలేవాడంటే, జట్టులో చివరి రాళ్ళు, అంటే ఆట తేల్చే రాళ్ళు, అతనికే ఇచ్చేవారు. వేసవి ముందు ఒకసారి బహ్రెయిన్ నుంచి ఒక జట్టు వంతెన దాటి వచ్చి పోటీ ఆడేది. ఆ పోటీ కోసమే మిగతా ఏడాదంతా.

నేర్పడం కూడా అలాగే మొదలైంది. గోర్డన్ ఆఫీసులోని సౌదీ ఇంజనీర్లు ఆట చూడటానికి వచ్చి, నేర్చుకుంటామన్నారు. గోర్డన్‌కు తీరిక లేదు. “రాజేశాన్ని అడగండి” అన్నాడు. రాజేశానికి వచ్చిన హిందీ, అరబ్బీ, ఇంగ్లీషు మూడూ కలిపినా ఒక భాష కావు. అయినా అతను నేర్పిన పద్ధతి ఎవరికైనా అర్థమయ్యేది. మొదటి రోజు నీళ్ళు చల్లించేవాడు. రెండో రోజు పడటం నేర్పేవాడు.

“పడుడు వస్తే భయం పోతది. భయం పోతే రాయి పోతది” అనేవాడు. ఆ మాట ఏ భాషలో చెప్పాడో ఎవరికీ తెలియదు గానీ అందరూ పడేవారు.

మంగళవారాలు అతనికి ఉపవాసం. నమాజు వేళ ఇరవై నిమిషాలు గచ్చు మూసేసినప్పుడు, ఇస్మాయిల్ చాప వేసుకుని ఒక మూల నిలబడేవాడు, రాజేశం ఇంకో మూల మంచు గరుకు సరిచేస్తూ మనసులో హనుమంతుడికి దండం పెట్టుకునేవాడు. ఉపవాసం విడిచే వేళకు ఇస్మాయిల్ చెప్పకుండానే రెండు అరటిపళ్ళు తెచ్చి బూట్ల బల్ల మీద పెట్టేవాడు.

తర్వాత నితాఖాత్ వచ్చింది. ప్రతి కంపెనీకీ ఒక రంగు. సౌదీవాళ్ళను చాలినంత మందిని పనిలో పెట్టుకుంటే పచ్చ, లేకపోతే ఎరుపు. ఎరుపులో పడ్డ కంపెనీలో పరదేశీల ఇఖామాలు రెన్యూ కావు. మా గదిలో రాజేశం దీన్ని ఇలా చెప్పేవాడు: “ముగ్గుల ఎర్ర చుట్టు కాడ పడితె పాయింటు. నితాఖాత్‌ల ఎర్ర చుట్టు కాడ పడితె ఇంటికే.”

రెండువేల పదమూడులో తనిఖీలు జోరుగా జరిగాయి. కార్డు మీద ఒక పని, చేసేది ఇంకో పని అయితే పంపించేస్తున్నారు. ఒక మంగళవారం రాజేశం మంచు మీద ఐదుగురికి పాఠం చెబుతుండగా ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కార్డు చూపించమన్నాడు. సరిగ్గా అప్పుడే శిష్యుడొకడు రాయి వదిలాడు. జారుతున్న రాయిని వదిలేసి కార్డు తీయడం రాజేశానికి చేతకాలేదు. దాని ముందు వంగి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఊడ్చుకుంటూ పోయాడు. రాయి ఆగాక నుదురు తుడుచుకుని కార్డు ఇచ్చాడు.

ఇన్‌స్పెక్టరు కార్డు మీద ‘ఆమిల్ నదాఫా’ అని చదివాడు. చీపురు చూశాడు. మంచు చూశాడు.

“రోజూ ఇంత గట్టిగా ఊడుస్తావా?” అని అడిగాడు.

“రోజూ” అన్నాడు రాజేశం. అది నిజమే.

కార్డూ పనీ సరిపోయాయని ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. అంత సేపూ ఇస్మాయిల్ నీళ్ళ పైపు పక్కన రెంచి పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. అతని కార్డు మీద ప్లంబర్ అని ఉంది. పైపు పనేమిటో అతనికి ఇప్పటికీ తెలియదు.

రెండువేల పదహారులో చమురు ధరలు పడిపోయి, గోర్డన్ కంపెనీ అతణ్ణి వెనక్కి పంపింది. పోతూ రాళ్ళు రాజేశానికి వదిలేశాడు. జట్టుకు రాజేశమే పెద్ద అయ్యాడు. మిగిలిన ఆటగాళ్ళు బూట్ల కత్తులు నూరే ఫిలిప్పీన్ మనిషి డాంటే, ఇంకా ఇస్మాయిల్. ఇస్మాయిల్ ఆటలోకి రావడానికి కారణం, మనిషి తక్కువై రాజేశం అడిగితే కాదనలేకపోవడం. తర్వాతి ఏడాది వేసవిలో కుటుంబాల మీద కూడా నెలనెలా రుసుం పెట్టారు. ఇస్మాయిల్ భార్య ఫర్జానా, ఇద్దరు ఆడపిల్లలూ కడపకు వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఇస్మాయిల్ శనివారం ప్రాక్టీసుకు అందరికంటే ముందు వచ్చేవాడు.

“నిద్ర పట్టలేదా భాయ్?” అంటే, “ఇంట్లో చప్పుడు లేదప్పా” అనేవాడు.

ఆ శీతాకాలానికి మా యజమాని అబూ నాసిర్‌కు కూడా ఇబ్బంది వచ్చింది. ఎనిమిది మంది పరదేశీలకు ఒక్క సౌదీ అయినా లేకపోతే కంపెనీ ఎరుపులో పడుతుంది. కొత్త సంవత్సరం నుంచి మనిషికింత అని సుంకం కూడా పెరుగుతోంది. చాలామంది యజమానులు ఊరికే ఒక పేరు రాసుకుని జీతం పంపిస్తున్నారు. అబూ నాసిర్ అలాగే అనుకుని, అత్తరు కొట్లో పనిచేసి మానేసిన తుర్కీ అనే ఇరవై ఆరేళ్ళ మనిషిని ‘ముదర్రిబ్’గా, అంటే ఆట నేర్పేవాడిగా రాసుకున్నాడు. తలుపు మీద బోర్డు కూడా పెట్టించాడు. కానీ తుర్కీ మర్నాడు ఉదయం పనికి వచ్చాడు.

“ఎందుకు వచ్చావు?” అన్నాడు అబూ నాసిర్.

“ఉద్యోగం కదా” అన్నాడు తుర్కీ.

ఏం చేయాలో తెలియక అబూ నాసిర్ అతణ్ణి రాజేశానికి అప్పగించాడు. అలా ఊడ్చేవాడు ఆట నేర్పేవాడికి ఆట నేర్పడం మొదలుపెట్టాడు. మొదటి రోజు తుర్కీ పదకొండు సార్లు పడ్డాడు. ఇస్మాయిల్ లెక్కపెట్టాడు.

రాజేశం ఇఖామా గడువు మార్చి నెలాఖరుకు ఉంది. మిగతావాళ్ళవి అప్పటికే రెన్యూ అయిపోయాయి. బహ్రెయిన్ జట్టు ఏప్రిల్ రెండో శుక్రవారం వస్తామని రాసింది. అంతకుముందు నాలుగు సార్లు వచ్చారు, నాలుగు సార్లూ గెలిచారు. ఈసారి మంచి జట్టు కుదిరిందని రాజేశానికి తెలుసు. తుర్కీ మార్చి దాటేదాకా ఉద్యోగంలో ఉంటే కార్డు రెన్యూ అవుతుంది, ఆట ఉంటుంది. తుర్కీ మానేస్తే కంపెనీ ఎరుపు, రాజేశం ఇంటికి.

“ఆ అయ్యోరిని బాగా చూసుకోప్పా. చలికి పారిపోతాడేమో” అనేవాడు ఇస్మాయిల్.

డాంటే తుర్కీ మేజోళ్ళను హీటరు మీద ఆరబెట్టి వెచ్చగా ఇచ్చేవాడు. రాజేశం మాత్రం ఒక్క విషయంలో కూడా మెత్తబడలేదు.

ఆ ఆటలో అంపైరు ఉండడు. జారుతున్న రాయికి మన చీపురు గానీ కాలు గానీ తాకితే మనమే నోరు తెరిచి చెప్పాలి, రాయి తీసి పక్కన పెట్టాలి. రెండువేల పదిహేనులో బహ్రెయిన్‌తో ఆడుతున్నప్పుడు రాజేశం చీపురు వెంట్రుకవాసి తాకింది. ఎవరూ చూడలేదు. చెయ్యెత్తి చెప్పాడు. ఓడిపోయారు. “ఎవురూ చూడలేదు కదప్పా” అని ఇస్మాయిల్ ఆ తర్వాత ఆర్నెల్లు అడిగాడు. “నేను చూసిన గద భాయ్” అని రాజేశం ఆర్నెల్లూ అదే చెప్పాడు.

జనవరిలో ఒక ఉదయం తుర్కీ చీపురు రాయికి తాకింది. తుర్కీ ఏమీ అనలేదు. రాజేశం కూడా ఏమీ అనలేదు. తర్వాతి రాయి వదలకుండా అలాగే మంచు మీద నిలబడ్డాడు. ఐదు నిమిషాలైంది. ఇస్మాయిల్ కాళ్ళు మార్చుకుంటూ, “ఏమైందప్పా, కరెంటు పోయిందా” అన్నాడు. పది నిమిషాలైంది.

“ఉస్తాద్, ఆడదామా?” అన్నాడు తుర్కీ.

రాజేశం నవ్వి ఊరుకున్నాడు. ఇంకాసేపటికి తుర్కీ చూపు దించుకుని, “తాకింది” అన్నాడు. రాజేశం ఆ రాయి తీసి పక్కన పెట్టి, “ఇగ ఆడుదం” అన్నాడు.

మళ్ళీ దాని గురించి ఎత్తలేదు. ఫిబ్రవరికల్లా తుర్కీ మంచి ఆటగాడయ్యాడు. తలుపు మీది బోర్డు చూసి వచ్చినవాళ్ళకు మొదటి పాఠం తనే చెప్పేవాడు, నీళ్ళు చల్లించి.

మార్చి మొదటి వారంలో తుర్కీకి యాన్బు నుంచి కబురు వచ్చింది. దేశానికి ఆ చివర, ఎర్ర సముద్రం ఒడ్డున, రిఫైనరీలో టెక్నీషియన్ చదువు. రెండేళ్ళ నుంచి ఎదురుచూస్తున్నాడట. పదిహేనో తారీకుకు చేరాలి. వాళ్ళమ్మ మిఠాయి పంపించింది. అందరం తిన్నాం. రాజేశం కూడా తిన్నాడు, రెండు.

అబూ నాసిర్ చెడ్డవాడు కాదు. కంపెనీ నిలబడాలని అతని తాపత్రయం. ఆ చదువులో చేరినా తుర్కీ పేరు సర్కారు లెక్కలో వేరే చోటికి మారదని కనుక్కున్నాడు. ఏప్రిల్, మే, జూన్ నెలల హాజరు కాగితాలు ముందే తెచ్చి తుర్కీ ముందు పెట్టాడు.

“వీటి మీద సంతకం పెట్టి పో. సగం జీతం నీకు వస్తూనే ఉంటుంది. రాజేశం కార్డు రెన్యూ అవుతుంది. ఎవరికీ నష్టం లేదు” అన్నాడు.

తుర్కీ ఆ కాగితాలు పట్టుకుని మంచు దగ్గరికి వచ్చాడు. రాజేశం బల్ల మీద కూర్చుని చీపురుకు కొత్త గుడ్డ చుడుతున్నాడు. ఇస్మాయిల్, డాంటే అక్కడే ఉన్నారు.

“ఉస్తాద్, పెట్టమంటావా?”

రాజేశం కాగితాలు తిప్పి చూశాడు. అరబ్బీ చదవడం రాదు.

“ఇవి ఏమంటయి?”

“మూడు నెలలు రోజూ వచ్చానంటాయి.”

“వస్తవా?”

“యాన్బు నుంచి ఎలా వస్తాను ఉస్తాద్?”

రాజేశం గుడ్డ చుట్టడం పూర్తి చేశాడు. విప్పి మళ్ళీ చుట్టాడు.

“నన్ను అడగకు” అన్నాడు చివరికి. “నన్ను అడిగితే పెట్టుమనే అంట. నాకు ఈడ ఉండాలని ఉన్నది. ఏప్రిల్‌ల ఆట ఉన్నది.”

ఇస్మాయిల్ తెలుగులో అందుకున్నాడు. “పెట్టమను అప్పా. వాడు అడుగుతాండాడు కదా. ఒక్క మాట చెప్తే అయిపాయ.”

తుర్కీకి తెలుగు రాదు. అతను పెన్ను జేబులోనే ఉంచి, కాగితాలు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. పెట్టలేదు, పోలేదు. ఏమీ అనలేదు. ఐదు నిమిషాలైంది. డాంటే కత్తులు నూరే మెషీన్ ఆపేశాడు. తుర్కీ రాజేశం మొహం వైపే చూస్తూ నిలబడ్డాడు. రాజేశం మంచు వైపు చూశాడు, పైకప్పు వైపు చూశాడు, చీపురు వైపు చూశాడు. ఎటు చూసినా తుర్కీ అక్కడే ఉన్నాడు. మనిషి మనసులో దేవుడు ఎప్పుడు ఏం మాట్లాడతాడో పక్కవాళ్ళకు వినపడదు. పది నిమిషాలకు రాజేశం లేచి నిలబడ్డాడు.

“తాకింది” అన్నాడు. “తీసెయ్.”

తుర్కీ కాగితాలు ఖాళీగా తీసుకెళ్ళి అబూ నాసిర్‌కు ఇచ్చేశాడు. తిరిగి వచ్చి రాజేశం నుదుటి మీద ముద్దుపెట్టాడు. అక్కడ పెద్దవాళ్ళకు అలా పెడతారు. రాజేశం సిగ్గుపడి బకెట్ తీసుకుని పోయాడు.

“నేర్పేటప్పుడు కొంచెం తక్కువ నేర్పి ఉంటే బాగుండు” అన్నాడు ఇస్మాయిల్.

ఇరవయ్యో తారీకుకు కంపెనీ ఎరుపులో పడింది. అబూ నాసిర్ ఒక రోజంతా రాజేశంతో మాట్లాడలేదు. రెండో రోజు పిలిచి, ఎరుపు కంపెనీ నుంచి పనివాళ్ళు పచ్చ కంపెనీకి మారవచ్చని చట్టంలో ఉంది, తన బావమరిదికి హుఫూఫ్‌లో ఖర్జూరాల కోల్డ్ స్టోరేజీ ఉంది, ఊడ్చేవాడు కావాలంటున్నాడు అన్నాడు. గడువుకు రెండు రోజుల ముందు కాగితం పని అయిపోయింది. హుఫూఫ్‌కు తన కారులో తనే దింపివచ్చాడు. దారిలో రెండు సార్లు ఆగి రాజేశానికి చాయ్ తాగించాడట.

“ఎట్లున్నది పని?” అని ఫోన్లో అడిగింది జయ.

“చల్లగున్నది. మంచు లేదు.”

“రాళ్ళు?”

“ఖోబర్‌ల ఉన్నయి.”

“మరి ఆట?”

“శుక్కురారం సెలవే గద.”

ఏప్రిల్ రెండో శుక్రవారం రాజేశం తెల్లవారగానే బస్సెక్కి ఖోబర్‌కు వచ్చాడు. ఎనిమిదేళ్ళు ఊడ్చిన తలుపు దగ్గర ఇప్పుడు కొత్త యంత్రం ఉంది, టికెట్టు చూపిస్తే గాని తెరుచుకోదు. తను ఆ కంపెనీ మనిషి కాదు, లోపల పని చేస్తే తప్పు. టికెట్టు కొని లోపలికి వచ్చి ఆడుకుంటే మాత్రం ఎవరూ ఏమీ అనరు. రాజేశం వరసలో నిలబడి టికెట్టు కొన్నాడు. కత్తుల్లేని బూట్లు అద్దెకు తీసుకున్నాడు. డాంటే తీసుకోనన్నా వినకుండా అద్దె ఇచ్చాడు.

అబూ నాసిర్ ఆ వారమే కొత్త ముదర్రిబ్‌ను పెట్టుకున్నాడు. మాజిద్ అని, ఎర్రగా పొడుగ్గా ఉన్నాడు. తుర్కీ యాన్బు వెళ్ళేముందు రాసిపెట్టిన పాఠాల పుస్తకం చూసి నేర్చుకుంటున్నాడు, పని మీద శ్రద్ధ ఉంది. బహ్రెయిన్ జట్టు ఇంకా రాలేదు. మంచు అంచున తలకు టోపీ, మెడకు మఫ్లరు చుట్టుకుని నిలబడ్డ ఇండియా పెద్దమనిషిని చూసి, మొదటిసారి వచ్చాడేమోనని జాలిపడి మాజిద్ దగ్గరికి వచ్చాడు.

“భయపడకండి. ముందు పడటం నేర్చుకుందాం” అన్నాడు.

“సరే” అన్నాడు రాజేశం.

మాజిద్ అతని చెయ్యి పట్టుకుని మంచు మీదికి నడిపించాడు. ఎలా పడాలో చూపించాడు. రాజేశం చెప్పినట్టే పడ్డాడు. మోకాలు ఎలా వంచాలో చెబితే వంచాడు. రాయి పిడి ఎలా పట్టుకోవాలో చెబితే పట్టుకున్నాడు. బహ్రెయిన్ వాళ్ళు అప్పుడే లోపలికి వచ్చి, సంచులు భుజాన పెట్టుకునే నిలబడి అదంతా చూశారు. వాళ్ళ పెద్ద, టోపీ తీసి, “ఇది కొత్త వ్యూహమా?” అని డాంటేను అడిగాడు. డాంటే భుజాలెగరేశాడు.

నాలుగో మనిషి లేకుండా ముగ్గురు ఆడవచ్చని నియమాల్లో ఉంది. రాజేశం, ఇస్మాయిల్, డాంటే ఆడారు. డాంటే ఫోన్ను మంచు చుట్టూ ఉన్న కట్టకు ఆనించి పెట్టాడు, యాన్బు హాస్టల్లోంచి తుర్కీ ఇమో వీడియో కాల్‌లో చూశాడు. సిగ్నల్ పోయినప్పుడల్లా అతని మొహం చదరాలు చదరాలుగా నిలిచిపోయేది. ఆట ఎనిమిది విడతలు, ముగ్గురికి ఊడ్చే పని ఎక్కువ. ఆరో విడతకు ఇస్మాయిల్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, “ఇంకా ఎన్నుండాయప్పా?” అన్నాడు. “రెండే భాయ్.” “రెండంటే రెండేనా?” ఎనిమిదో విడతలో రాజేశం వదిలిన చివరి రాయి వాళ్ళ రాయి కంటే బెత్తెడు వెనక ఆగింది. ఒక్క పాయింటుతో ఓడిపోయారు. కిందటిసారి నాలుగుతో ఓడారు.

బహ్రెయిన్ పెద్ద అందరి చేతులూ కలిపి, రాజేశాన్ని, మీరు ఇప్పుడు ఏ కంపెనీకి నేర్పిస్తున్నారు అని అడిగాడు.

“ఖర్జూరాలు” అన్నాడు రాజేశం.

మాజిద్ ఆటంతా కట్ట పక్కన నిలబడి చూశాడు. అయిపోయాక ఎర్రబడ్డ మొహంతో వచ్చి రాజేశం ముందు నిలబడ్డాడు. రాజేశం అతని భుజం తట్టి, నీళ్ళు చల్లడం బాగా చేశావు, మంచు బాగుంది అన్నాడు. మాజిద్ బూట్ల బల్ల దగ్గరికి పరిగెత్తి, రాజేశం చెప్పులు తనే తీసి తెచ్చి, అతణ్ణి కూర్చోబెట్టి, అద్దె బూట్ల తాళ్ళు విప్పాడు.

జుమ్మా నమాజుకు గచ్చు మూసే వేళయింది. ఇస్మాయిల్ కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేసుకోవడానికి పోతూ ఆగాడు.

“ఆ అబ్బి నీకు నేర్పిస్తాంటే ఎట్లుండె?”

“మంచిగ చెప్పిండు భాయ్. పడుడు మంచిగ చెప్పిండు. రాయి ఇడిసేటప్పుడు మణికట్టు తిప్పే కాడ ఒక్కటి తప్పు చెప్పిండు.”

“చెప్పకపోతివా మరి?”

“మొదటి దినమే, అందరి ముందట ఎందుకు? చిన్నవోతడు.” రాజేశం టోపీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. “వచ్చే శుక్కురారం వస్త గద. టికెట్ కొంట, మల్ల పాఠం చెప్పుమంట. ఆడికి వచ్చినంక మెల్లగ చెప్త.”